పౌల్ లాకూర్

అనంతపురము సీమలో వాన అరుదు. గాలికి మాత్రము కొదువ లేదు. ఆషాఢమాసము ప్రవేశించినంతనే పడమటినుండి వీచు గాలి పెనుకొండ, రామగిరి, కదిరి ప్రాంతముల కొండలమీదుగా పరుగులెత్తుచు వచ్చి, తలుపుల మొదలగు గ్రామముల పొలములలో దుమ్ము రేపుచుండును. ఆ గాలితో అచ్చటి రైతునకు చిరకాలపు పరిచయము కలదు. కళ్లములో చేట నెత్తి గింజలను తూర్పారబట్టునపుడు గాలి వానికి కూలి యడుగని పనివాడు. కూడివచ్చిన మబ్బులను చెదరగొట్టి కొనిపోవునపుడు అదే గాలి వానికి పగవాడు. ఇట్లు మేలును కీడును చేయుచు, ఎవరికిని పట్టుబడక తిరుగుచుండు గాలిచేత పల్లెటింటిలో దీపము వెలిగింపవచ్చునని 130 ఏండ్లకు పూర్వమే ఒక ఉపాధ్యాయుడు తలపోసెను. తలపోయుటయే గాక చేసి చూపెను. ఆయన పేరు పౌల్ లాకూర్. ఆయన జన్మించిన దేశము డెన్మార్కు.

డెన్మార్కు ఐరోపాఖండమున ఉత్తరదిక్కున నున్న చిన్న రాజ్యము. జట్లండు అను ద్వీపకల్పమును, అనేక ద్వీపములును కలిసి ఆ దేశ మేర్పడినది. అచ్చట ఎత్తైన కొండలు లేవు, బొగ్గుగనులు లేవు, వేగముగా దుముకు నదులు లేవు. ఉన్నవి సముద్రపుగాలి, పచ్చికబయళ్లు, కష్టించి పనిచేయు రైతులు. 1864వ సంవత్సరమున ఆ రాజ్యము ప్రష్యా, ఆస్ట్రియాలతో యుద్ధము చేసి యోడి, దక్షిణమున విశాలమైన భూభాగమును కోల్పోయెను. ఓటమిచే కుంగిన ప్రజలు పోయిన నేలకై విలపించుటకంటె మిగిలిన నేలను బాగుచేసికొనుట మేలని గ్రహించిరి. జట్లండులోని బీడుభూములలో చెట్లు నాటిరి. పాడిపశువులను పెంచి, 1882 మొదలుకొని పాలకేంద్రములను సహకారపద్ధతిపై నెలకొల్పుకొనిరి. పది ఆవులు గలవాడును, ఒక్క ఆవు గలవాడును ఒకే కేంద్రమునకు పాలు పోసి, లాభమును పాలనుబట్టి పంచుకొనుచుండిరి.

వారు నెలకొల్పిన సంస్థలలో మరియొకటి కలదు. అది ప్రజోన్నత పాఠశాల. గ్రుండ్‌ట్విగ్ అను మతాచార్యుని బోధలచే ప్రేరితులైన పెద్దలు పల్లెపట్టులలో ఈ పాఠశాలలను స్థాపించిరి. అందు పరీక్షలు లేవు, పట్టములు లేవు. చలికాలమున సేద్యపుపనులు తీరిన యువకులు అచ్చటకు వచ్చి, గురువులతో కలిసి నివసించి, చరిత్రమును, భాషను, గణితమును, ప్రకృతిశాస్త్రమును నేర్చుకొని, మరల తమ నాగళ్లకడకు పోవుచుండిరి. చదువు మనుష్యుని పల్లెనుండి పారద్రోలునది కారాదనియు, పల్లెనే పైకెత్తునది కావలెననియు ఆ పాఠశాలల యాశయము. లాకూర్ జీవితమంతయు ఈ యాశయముతో పెనవైచికొని యున్నది.

లాకూర్ 1846వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన జట్లండు తూర్పుతీరమున నున్న ఎబెల్టాఫ్ట్ అను చిన్న పట్టణమునకు సమీపమున ఒక వ్యవసాయక్షేత్రమున జన్మించెను. ఆయన పూర్వులు మతనిర్బంధములకు తాళలేక ఫ్రాన్సుదేశమును వీడి వచ్చినవారు. అందుచేతనే ఆ యింటిపేరు ఫ్రెంచిభాషకు సంబంధించి యున్నది. పుట్టి పెరిగినది రైతు కుటుంబము. ఆయన అన్న యొర్గెన్ వ్యవసాయ విజ్ఞానమును వ్యాపింపజేయుటలో పేరుగాంచెను. పౌల్ కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయమున ప్రకృతిశాస్త్రములు చదివి, వాతావరణశాస్త్రమున ప్రత్యేకకృషి చేసి, 1869లో పట్టభద్రుడయ్యెను. తరువాత ఐరోపాలోని ఇతర దేశములకు పోయి, అచ్చటి వాతావరణ పరిశోధకులకడ ఆ శాస్త్రపు లోతులను తెలిసికొనెను.

1872లో డెన్మార్కు ప్రభుత్వము వాతావరణ పరిశోధనసంస్థను స్థాపించెను. ఇరువదియారేండ్ల యువకుడైన లాకూర్‌కు అందు ఉపాధ్యక్షుని పదవి లభించెను. గాలి ఎచ్చటినుండి వచ్చుచున్నది, ఎంతవేగముతో పోవుచున్నది, తుపాను రాకను ముందుగా నెట్లు తెలిసికొనవచ్చును అను విషయములు ఆయన నిత్యకృత్యములాయెను. వేర్వేరు తావులనుండి వాతావరణ సమాచారము తంతివార్తలద్వారా సంస్థకు చేరుచుండెడిది. ఒక తీగమీద ఒక వేళ ఒక వార్తయే పోవుచుండుటచేత ఆలస్యమగుచుండెను. ఒకే తీగమీద అనేక వార్తలను పంపుట సాధ్యమా యని లాకూర్ యోచించెను.

అందుకాయన శ్రుతిదండములను సాధనముగా గొనెను. శ్రుతిదండమును మీటినచో అది తన కేర్పడిన శ్రుతిలోనే మ్రోగును. ఒకచోట నొక శ్రుతిదండము విద్యుత్ప్రవాహమును లయబద్ధముగా కదిలించినచో, తీగకు రెండవ కొనయందు అదే శ్రుతిగల దండము మాత్రమే దానికి స్పందించును. ఇతరదండములు మౌనముగా నుండును. ఈ విధముగా ఒకే తీగమీద పెక్కువార్తలను కలిపి పంపి, గమ్యస్థానమున మరల విడదీయవచ్చును. ఈ పరిశోధనలనుండియే ఆయన నాదచక్రమను యంత్రమును కూడ కనిపెట్టెను. పండ్లుగల యినుపచక్రమును శ్రుతిదండపు లయకు లోబరచి, ఎట్టి తేడాయు లేక సమవేగముతో త్రిప్పుట దాని ప్రయోజనము. ఈ యంత్రములవలన లాకూర్ పేరు పరదేశములందును వినిపించెను. కాని అమెరికాలో ఎలిషా గ్రే అను పరిశోధకుడు అదే కాలమున అట్టి పద్ధతినే రూపొందించుటచే, ముందు కనిపెట్టినవా రెవరను వివాదము పుట్టెను. కీర్తియు, దానితోడనే కలహమును ఆయనను వరించినవి.

ఇట్టి తరుణమున లాకూర్ చేసిన పని అనేకులకు ఆశ్చర్యము కలిగించునది. రాజధానిలోని గౌరవప్రదమైన యుద్యోగమును, పరిశోధకుల సహవాసమును విడిచి, 1878లో ఆస్కోవ్ అను పల్లెలోని ప్రజోన్నత పాఠశాలలో గణితమును, భౌతికశాస్త్రమును బోధించు ఉపాధ్యాయుడుగా చేరెను. అప్పటి కాయనకు 32 ఏండ్లు. ఆస్కోవ్ జట్లండు దక్షిణభాగమున, ఆనాటి సరిహద్దునకు చేరువలో నున్నది. 1864 యుద్ధములో మొట్టమొదటి ప్రజోన్నత పాఠశాలయున్న రొడ్డింగ్ గ్రామము శత్రువుల వశముకాగా, దానికి బదులుగా సరిహద్దునకు ఈవల లుడ్విగ్ ష్రోడర్ మరుసటి యేడు స్థాపించిన పాఠశాల యిది. ఓడిన జాతి తన పిల్లలకు ధైర్యము నేర్పుటకు కట్టుకొన్న బడి యది. లాకూర్ తక్కిన 30 ఏండ్ల జీవితమును అచ్చటనే గడపెను.

ఉపాధ్యాయుడుగా ఆయన అనుసరించిన పద్ధతి యెన్నదగినది. గణితసూత్రములను వల్లింపజేయుట ఆయన కిష్టము లేదు. ఏ సూత్రము ఏ కాలమున, ఏ యవసరముచే, ఏ మహనీయుని మనస్సున మొలకెత్తినదో ఆ వరుసనే కథగా చెప్పి, విద్యార్థులును ఆ దారి వెంట నడచునట్లు చేయుచుండెను. ఈ విధముగా గణితచరిత్రమును, భౌతికశాస్త్రచరిత్రమును బోధించు గ్రంథములను ఆయన రచించెను. పొలమున పనిచేసి వచ్చిన యువకుడు సైతము ఆర్కిమిడీసుతోను, గెలీలియోతోను ఒక బల్లపై కూర్చుండి నేర్చుకొనుచున్నట్లు భావింపవలెనని ఆయన కోరిక.

ఆ కాలమున నగరములలో విద్యుద్దీపములు వెలుగసాగినవి. ఆవిరియంత్రములతో డైనమోలు త్రిప్పి, వీథులకును, కర్మాగారములకును విద్యుచ్ఛక్తి సరఫరా చేయుచుండిరి. కాని ఆవిరియంత్రమునకు బొగ్గు కావలెను. డెన్మార్కు దానిని పరదేశములనుండి కొనవలసియుండెను. జనము దట్టముగా నున్న పట్టణములలోనే ఆ వ్యయము గిట్టుబాటగును. దూరదూరముగా విసిరివేసినట్లున్న పల్లెలకు తీగలు వేయుటకు వర్తకు లెవ్వరును ముందుకు రాలేదు. వెలుగును యంత్రములును పట్టణములకే పరిమితమైనచో పల్లెటి యువకులు పనికై అచ్చటికే వలసపోవుదురు. పల్లెలలో ముసలివారును చీకటియును మిగులును. ఇది లాకూర్‌ను కలతపెట్టిన సమస్య. పల్లెకు బొగ్గు లేదు, నిజమే. గాలి కలదు గదా! అది ధనికుని యింటిపైనను, పేదవాని పాకపైనను సమానముగా వీచును. దానిని అమ్మువాడు లేడు.

గాలితో విద్యుచ్ఛక్తిని పుట్టించుట లాకూర్ మొదట చేసినది కాదు. 1887లో స్కాట్లండున జేమ్స్ బ్లైత్ అను ఆచార్యుడు గాలిమరచే తన యింట దీపములు వెలిగించెను. మిగిలిన విద్యుత్తుతో ఊరి వీథికి వెలుగిత్తునని ఆయన చెప్పగా, గ్రామస్థులు అది పిశాచపు పనియని భయపడి నిరాకరించిరని చెప్పుదురు. మరుసటి సంవత్సరము అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున చార్లెస్ బ్రష్ అను సంపన్నుడు 17 మీటర్ల వ్యాసమును, 144 రెక్కలును గల బ్రహ్మాండమైన గాలిమరను నిర్మించి, తన భవనమునకు దీపములమర్చుకొనెను. అది 12 కిలోవాట్ల శక్తిగల యంత్రము. ఒకచో ఊరు గాలివెలుగును వలదనెను. మరొకచో ఆ వెలుగు ఒక యింటి ప్రహరి దాటలేదు. ఊరంతయు కోరుకొని, ఊరంతయు పంచుకొను వెలుగు ఎట్లు వచ్చునను ప్రశ్నకు సమాధానము వెదకినవాడు లాకూర్.

పరిశోధనకు ధనము కావలెను. పల్లెబడి యుపాధ్యాయునికడ ధన మెక్కడిది? లాకూర్ ప్రభుత్వమును సహాయమర్థించెను. గాలివిద్యుత్తు సాధ్యమైనచో దాని మేలు రైతులందరికిని చెందుననియు, అట్టి పనికి ప్రజాధనమును వెచ్చించుట తగుననియు పాలకులు అంగీకరించిరి. ప్రభుత్వ ద్రవ్యసహాయముతో 1891లో ఆస్కోవ్‌లో పరీక్షార్థమైన గాలిమర లేచినది. అప్పటికి డెన్మార్కులో పిండి విసరుటకు వేలకొలది గాలిమరలుండెను. ఇది మాత్రము పిండిని గాక విద్యుత్తును విసరవలసిన మర.

గాలి నిలుకడ లేనిది. ఒక క్షణమున చెట్లను వంచును; మరుక్షణమున ఆకును కదపదు. గాలి హెచ్చినప్పుడు డైనమో మితిమీరి తిరుగును; తగ్గినప్పుడు దీపములు మిణుకుమిణుకుమనును. లాకూర్ దీనికి సులభమైన యుపాయము కనిపెట్టెను. మరనుండి డైనమోకు పోవు తోలుపట్టీని, బరువులు వ్రేలాడు మీటతో కూడిన కప్పీమీదుగా నడపెను. గాలి మితిమీరినపుడు పట్టీ జారిపోవును. కావలసినంత బలము మాత్రమే డైనమోకు చేరును. ఈ సాధనమునకు క్రాటోస్టాట్ అని పేరిడెను. గొప్ప కర్మాగారమున చేయవలసిన యంత్రము కాదది. పల్లెలోని కమ్మరియు, వడ్రంగియు కలిసి చేయదగినది. ఆయన బుద్ధిబలము ఈ నిరాడంబరతయందే తెలియుచున్నది.

ఇక రెండవ చిక్కు నిలువచేయుట. గాలి లేని రాత్రి దీపమెట్లు వెలుగును? ఆనాటి విద్యుద్ఘటములు, అనగా బ్యాటరీలు, మిక్కిలి ఖరీదైనవి. అందుచే లాకూర్ మరియొక దారి త్రొక్కెను. నీటిగుండ విద్యుత్తును ప్రసరింపజేసినచో నీరు ఉదజని, ఆమ్లజని అను రెండు వాయువులుగా విడిపోవును. ఈ ఉదజనినే నేడు హైడ్రోజన్ అని పిలుచుచున్నాము. ఆ వాయువును తొట్టెలలో నింపి యుంచుకొన్నచో కావలసినప్పుడు మండించి వెలుగు పొందవచ్చును. ఈ విద్యలో నేర్పరియైన పాంపియో గరూటీ అను ఇటలీ దేశస్థుని పద్ధతిని ఆయన గ్రహించెను. 1895 మొదలు 1902 వరకు ఆస్కోవ్ పాఠశాలలో ఈ గాలివాయుదీపములే వెలిగినవి. 12 ఘనమీటర్ల ఉదజనిని నింపగల తొట్టె, గాలి వీచని దినములలో పాఠశాలను చీకటినుండి కాపాడుచుండెను.

ఈ విజయము కష్టములు లేక రాలేదు. ఉదజనిలో ఆమ్లజని కొంచెము కలసినను అది నిప్పు తగిలి ప్రేలిపోవును. అట్లు ప్రేలి పాఠశాల కిటికీల అద్దములు పలుమార్లు ముక్కలైనవి. లాకూర్ ప్రతిసారి అద్దములు మార్పించి, లోపమును సవరించుకొని, మరల ప్రయోగము సాగించెను. నేడు ప్రపంచమున అనేక దేశములు సూర్యరశ్మితోను గాలితోను హైడ్రోజన్ తయారుచేయుటకు కోట్లకొలది ధనము వెచ్చించుచున్నవి. ఆ పనిని ఆనాడే ఒక పల్లెబడిలో చేసిచూపిన ఘనత లాకూర్‌కు దక్కినది.

తరువాత ఆయన దృష్టి రెక్కలమీదికి మరలెను. రెక్కలెన్ని యున్న గాలిమర బాగుగా తిరుగును? అవి ఎట్టి యాకారమున నుండవలెను? ఇందుకు పూర్వులు చెప్పిన మాటలను నమ్మి యూరకుండక, లాకూర్ 1896 ప్రాంతమున ఒక గొట్టములో కృత్రిమముగా గాలిని పారించి, అందు చిన్నచిన్న నమూనారెక్కలను త్రిప్పి, ఒక్కొక్కదాని శక్తిని కొలిచెను. గాలిసొరంగములలో పరీక్షలు జరిపిన తొలి పరిశోధకులలో ఆయన యొకడు. రెక్కలు ఎక్కువైనకొలది శక్తి యెక్కువగునని సామాన్యముగా తోచును. కాని కొలతలు అందుకు భిన్నముగా పలికినవి. విద్యుత్తు పుట్టించుటకు రెక్కలు తక్కువగా నుండి వేగముగా తిరుగుటయే మేలని తేలినది. 144 రెక్కల మరకంటె నాలుగు రెక్కల మర తన పనిని చక్కగా నిర్వర్తించును. నేడు మన కొండలమీద కనబడు మరలకు మూడే రెక్కలుండుటలోని మర్మమిదియే.

1897లో మునుపటికంటె పెద్దదియగు గాలిమర ఆస్కోవ్‌లో వెలసినది. ప్రభుత్వధనముతో చేసిన పరీక్షల ఫలితములను ఆయన దాచుకొనలేదు. గ్రంథరూపమున ప్రకటించి, ఎల్లరకు అందుబాటు చేసెను. ప్రజల సొమ్ముతో సంపాదించిన జ్ఞానము ప్రజలకే చేరవలెనను ధర్మమును ఆయన పాటించెను.

బ్యాటరీలు కొంత చౌకయు, నమ్మదగినవియు కాగా, లాకూర్ తన యుదజనిదీపములపై మమకారము పెట్టుకొనలేదు. ఏడేండ్లు శ్రమించి నెలకొల్పిన పద్ధతిని విడిచి, 1902లో ఆస్కోవ్ గ్రామమునకు గాలివిద్యుత్కేంద్రము నేర్పరచెను. గాలి వీచునపుడు మర డైనమోను త్రిప్పును. ఆ విద్యుత్తు కొంత ఇండ్లకు పోవును, మిగిలినది బ్యాటరీలలో నిలువ యుండును. గాలి చాలదినములు లేనిచో నూనెతో నడుచు చిన్న యింజను సహాయమునకు వచ్చును. పాఠశాల గోడలలో నున్న వెలుగు ఇప్పుడు వీథిలోనికి, రైతుల యిండ్లలోనికి వచ్చినది.

ఒక్క ఊరు వెలిగిన చాలదు. దేశమందలి పల్లెలన్నింటికి ఈ విద్య తెలియవలెను. అందుకై 1903లో డెన్మార్కు గాలివిద్యుత్సంఘము స్థాపితమయ్యెను. లాకూర్ దానికి ప్రాణము. విద్యుత్కేంద్రము కోరు గ్రామమునకు ఈ సంఘము సలహా లిచ్చును. గాలిపోకడ యెట్లున్నదో, ఎన్ని దీపములు కావలెనో, ఎంత వ్యయమగునో లెక్కకట్టి చెప్పును. పాలకేంద్రములలో వాటాలు వేసికొని కలిసి పనిచేయుట కలవాటుపడిన రైతులకు, వెలుగునకై వాటాలు వేసికొనుట క్రొత్తగా తోచలేదు. పాలు పంచుకొన్నట్లే కాంతిని పంచుకొనిరి. గాలివిద్యుత్తును గూర్చిన పత్రికయొకటి ప్రకటించి, ఒక ఊరి యనుభవమును మరియొక ఊరికి తెలియజేయుచుండిరి.

ఇంకొక కొరత మిగిలెను. యంత్రము చెడిపోయినచో బాగుచేయు వారెవరు? ప్రతిసారియు పట్టణమునుండి నిపుణుని రప్పించుట గ్రామమునకు సాధ్యము కాదు. అందుచే లాకూర్ 1904 మొదలుకొని గ్రామ విద్యుత్కారులకు ఆస్కోవ్‌లో శిక్షణతరగతులు నడపెను. రైతుల బిడ్డలు, కమ్మరుల బిడ్డలు వచ్చి, తీగలు లాగుట, డైనమోను చూచుకొనుట, బ్యాటరీలను కాపాడుట నేర్చి తమ పల్లెలకు మరలిపోయిరి. పల్లె యంత్రము పల్లెవాని చేతిలో నుండవలెననుట ఆయన సిద్ధాంతము. ఆయన జీవితకృత్యములలో ఈ శిక్షణయే అన్నింటికంటె దీర్ఘకాలము ఫలించినది. ఆ తొలి విద్యార్థులలో జోహన్నెస్ యూల్ అను బాలుడొక డుండెను. అతనిని గూర్చి ముందు చెప్పబడును.

1908వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన లాకూర్ మరణించెను. అప్పటికి 62 ఏండ్లు నిండి పదునొకండు దినములైనది. ఆయన కుమారుడు డాన్ లాకూర్ తండ్రి తొలుత పనిచేసిన వాతావరణ సంస్థకే తరువాతి కాలమున అధ్యక్షుడయ్యెను.

లాకూర్ నాటిన విత్తనము ఆయన వెనుక పెరిగినది. 1914లో మొదటి ప్రపంచయుద్ధము రాగా, బొగ్గును నూనెయు దిగుమతి యగుట కష్టమాయెను. అప్పుడు గాలిమరలే పల్లెలను ఆదుకొన్నవి. 1918 నాటికి డెన్మార్కులో సుమారు 120 గ్రామ విద్యుత్కేంద్రములు గాలిమరలను కలిగియుండెను. ఒక్కొక్క మర 20 మొదలు 35 కిలోవాట్ల శక్తి గలది. దేశమందలి విద్యుద్వినియోగములో నూటికి 3 పాళ్లు గాలినుండి లభించెను.

యుద్ధానంతరము పెద్ద కేంద్రములనుండి దూరప్రాంతములకు చౌకగా విద్యుత్తు పంపు పద్ధతులు వ్యాపింపగా, చిన్న మరలు ఒకటొకటిగ ఆగిపోయినవి. ఆ విద్య మరుగుపడిపోవునని తోచిన కాలమున, లాకూర్ శిష్యుడైన జోహన్నెస్ యూల్ 1957లో గెడ్సర్ అను సముద్రతీరగ్రామమున మూడు రెక్కలును, 200 కిలోవాట్ల శక్తియు గల గాలిమరను నిర్మించెను. అది పదేండ్లు చెక్కుచెదరక పనిచేసినది. 1973లో చమురు ధరలు మిన్నంటినపుడు లోకము మరల గాలివంక చూచెను. అప్పుడు డెన్మార్కు యంత్రశిల్పులు యూల్ నమూనానే ఆధారముగా గొనిరి. గురువు నేర్పిన విద్యను శిష్యుడు అర్ధశతాబ్దికి పైగా కాపాడి లోకమున కందించినాడు.

ఆ కాలమున డెన్మార్కు ప్రభుత్వము అనుసరించిన విధానము కూడ తెలిసికొనదగినది. 1979లో గాలిమర నెలకొల్పుకొనువారికి వ్యయములో నూటికి 30 పాళ్లు సహాయముగా నొసగసాగెను. పరిశ్రమ కాళ్లమీద నిలిచిన కొలది ఆ సహాయమును తగ్గించి, 1989లో పూర్తిగా ఆపివేసెను. రైతులును, ఉపాధ్యాయులును, కూలివారును చిన్న చిన్న వాటాలు వేసికొని సహకారసంఘములుగా నేర్పడి మరలను నిలిపిరి. మర ఉన్న ప్రాంతమున నివసించువారే వాటాదారులుగా నుండవలెనను నియమము కొంతకాలము అమలులో నుండెను. 2000లో కోపెన్‌హాగెన్ ఎదుట సముద్రములో 20 గాలిమరలను నిర్మించినపుడు, వానిలో సగము వేలకొలది సామాన్యజనులు చేరిన సహకారసంఘమునకే చెందినవి. ఇటీవలి సంవత్సరములలో ఆ దేశపు విద్యుద్వినియోగములో ఇంచుమించు సగము గాలినుండియే లభించుచున్నది.

మన దేశమునను గాలివిద్యుత్తు వృద్ధి పొందినది. 1986 ప్రాంతమున గుజరాతు, తమిళనాడు తీరములలో తొలి ప్రయోగక్షేత్రములు వెలసినవి. ఇట్టి పనులకు అప్పులిచ్చుటకై 1987లో కేంద్రప్రభుత్వము ఒక ప్రత్యేకసంస్థను స్థాపించెను. 1990 దశకమున రామగిరి కొండలపై గాలిమరలు తలయెత్తినవి. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గాలివిద్యుత్తునకు ప్రత్యేక విధానమును ప్రకటించెను. నేడు ఈ రాష్ట్రమున గాలిమరల సామర్థ్యము 4,000 మెగావాట్లకు చేరినది. వానిలో పెక్కు అనంతపురము, కర్నూలు సీమల కొండలమీదనే కలవు. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన తలుపుల, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల బాలురకు గాలిమర వింతవస్తువు కాదు.

అయినను లాకూర్ వేసికొన్న ప్రశ్న మన ముందు ఇంకను నిలిచియే యున్నది. కొండ ఊరిది, గాలి అందరిది, మర యెవరిది? మన మరలలో పెక్కింటిని దూరపు సంస్థలు పెట్టుబడి పెట్టి నిలిపినవి. చెన్నేకొత్తపల్లి, రొద్దము ప్రాంతమున కల్పవల్లి అనుచోట పలు గ్రామములవారు 1990 దశకమునుండి బీడుకొండలను కాపాడి, చెట్లను, గడ్డిని పెంచి, అడవిగా మార్చుకొనిరి. 2010 తరువాత అచ్చట గాలిమరలు నిలుపుటకై వెడల్పైన త్రోవలు కొండలపై త్రవ్వగా, పశువుల మేతకును, నీటిపారుదలకును నష్టము కలిగినదని గ్రామస్థులు మొరపెట్టుకొనిరి. గాలిమర పొగ వెడలగ్రక్కదు, బొగ్గు నడుగదు, అది మంచిదే. కాని దాని నీడలో నివసించువారికి మేలులో పాలు లేనిచో ఆ మంచి సగము మంచియే యగును. మర నిలుపుటకు ముందు ఊరివారి నడుగుట, నష్టపడిన నేలను బాగుచేయుట, ఊరి యువకులకు ఆ యంత్రవిద్యను నేర్పుట, వీలైనచోట వాటా కల్పించుట అనునవి ప్రభుత్వమును, సంస్థలును మరువరాని కర్తవ్యములు.

లాకూర్ గాలిని కనిపెట్టలేదు, గాలిమరను కనిపెట్టలేదు, విద్యుత్తును కనిపెట్టలేదు. ఆ మూడింటిని కలిపి పల్లెటి గడపకు చేర్చెను. ఇంకను పెద్ద పదవులను పొందదగిన మేధ గలవాడయ్యు పల్లెబడిలో పాఠములు చెప్పుటయే తన యుద్యోగముగా నెంచెను. యంత్రము నిలిపి ఊరకుండక దానిని నడపువారిని తయారుచేసెను. అందుచేతనే ఆయన పోయినను ఆయన పని నిలిచినది. ఆస్కోవ్‌లో ఆయన ప్రయోగములు జరిపిన తావు నేడు ప్రదర్శనశాలయై చూపరుల కా చరిత్రమును చెప్పుచున్నది.

కొండశిఖరమున మూడు రెక్కలు నెమ్మదిగా తిరుగుచుండుట చూచినపుడు, దూరదేశమున గాజుపలకలు పగిలిన తరగతిగదిలో నిలుచుండి మరల అద్దములు బిగింపించుకొనుచున్న ఆ యుపాధ్యాయుని స్మరింపుడు. చదివిన చదువు ఎవరి యింట దీపమై వెలుగవలెనో ఆయన జీవితమును చూచి తెలిసికొనవచ్చును.